పై గీత దాటిన ఆయిల్

భోజన్న మడిలో ట్రాక్టరు ఆగిపోయి ఇవాళ్టికి మూడో రోజు. యాసంగి నాట్లకు దమ్ము చేస్తుండగా ఇంజను లోపల ఎవరో సుత్తితో బాదుతున్నట్టు చప్పుడు రావడమూ, రాజ్ కిరణ్ గభాలున బందు చేసి బురదలోకి దూకడమూ, ఇంకో ట్రాక్టరుకు గొలుసు కట్టి దాన్ని ఎడపల్లి నుంచి బోధన్‌కు ఈడ్చుకుపోవడమూ మీరు చూశారు. మెకానిక్ రాజనర్సు ఆయిల్ దించి, వేళ్ళ మధ్య రాసి, వాసన చూసి ఇందులో డీజిల్ ఉందన్నాడు. ఆ మాట ఇంకా నోట్లో ఉండగానే ట్రాక్టరు సొంతదారు ఏసుదానం, తన చెల్లెలి మొగుణ్ణి, పదేళ్ళుగా తన బండి తోలుతున్న రాజ్ కిరణ్‌ని, పదిమంది ముందు దొంగ అన్నాడు. మంచి ఆయిల్ దించి అమ్ముకున్నాడట, తీసినంత మేరకు డీజిల్ పోసి మూత పెట్టాడట. ఆదివారంలోగా ఒప్పుకోకపోతే చర్చి సంఘంలో చెప్పి, రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు భోజనం బల్ల దగ్గరికి రానివ్వనని గడువు కూడా పెట్టాడు. ఏసుదానం సంఘ పెద్ద. అన్నంత పనీ చేసే మనిషి.

ఆ ఆదివారం రేపే.

ఇక ఆశా సంగతి. ఒకరికి చెల్లెలు, ఇంకొకరికి పెళ్ళాం, ఇద్దరి మధ్యా నలిగిపోతున్న మనిషి. మా ఆయన అట్లాంటోడు కాదని మొన్నంతా అన్నతో కొట్లాడింది. నిన్న సాయంత్రం గడ్డివాము వెనక కోడిగుడ్ల కోసం చెయ్యి పెడితే గోనెసంచి కింద ఒక బకెట్టు తగిలింది. పది లీటర్ల ఆయిల్ బకెట్టు, మూత సీలు కూడా తీయలేదు. రెండు నెలల కింద అన్న నిజామాబాద్ నుంచి తెచ్చి, ఇంజన్లో పొయ్యమని రాజ్ కిరణ్ చేతికిచ్చిన బకెట్టే అది. పోశానని రాజ్ కిరణ్ చెప్పిన బకెట్టే అది. అక్కడే మనం ఆమెను వదిలేశాం, పాపం, గుడ్లు చేతిలో పట్టుకుని.

ఆశా ఆ సంగతి మొగుణ్ణి అడగలేకపోయింది. అడుగుదామని రెండుసార్లు నోరు తెరిచి, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగింది. శనివారం పొద్దున రాజ్ కిరణ్ చాయ్ కూడా తాగకుండా ఎటో వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు గుమ్మంలో ఆగి ఆమెను ఒకసారి చూశాడు. మామూలప్పుడైతే ఆ చూపు ఆమెకు ముచ్చటగా ఉండేది. ఇవాళ మాత్రం, నాకు తెలిసిందని ఈయనకు తెలిసిందా ఏమిటని చూపు తిప్పేసుకుంది.

అనుమానం ఒకసారి ఇంట్లో అడుగుపెడితే పాత సంగతులన్నీ తవ్వి పోస్తుంది కదా. ఆశాకూ అంతే అయింది. పోయిన నెల ఈయన అంగీలకు డీజిల్ వాసన ఎక్కువైంది, నిజమే. బోధన్ పోయి ఆలస్యంగా వచ్చినరోజు ఎక్కడున్నావంటే నవ్వేశాడు, అదీ నిజమే. అప్పుడు ఆ నవ్వు చూసి తానూ నవ్వింది. ఇప్పుడు అదే నవ్వు తలుచుకుంటే ఒళ్ళు మండింది. మనిషి మారలేదు, నవ్వు మారలేదు, చూసే కళ్ళు మారాయంతే.

ఆమె బకెట్టును పాత చీర ముక్కలో మూట కట్టి, బోధన్ పోయే ఆటో ఎక్కింది. రాజనర్సుకు చూపించి అసలు సంగతి తేల్చుకుందామని. ఆటోలో పక్కన కూర్చున్న గంగమణి ఊరుకునే రకమా, ఏందే ఆశమ్మా ఆ మూట అని అడిగింది. బెల్లమని చెప్పింది ఆశా. గతుకుల్లో ఆటో ఎగిరినప్పుడల్లా ఆ బెల్లం లోపల గులుక్కుమంటోంది. గంగమణి మూట వంకా, ఆశా మొహం వంకా మార్చి మార్చి చూసి, మంచి బెల్లమే అని ఊరుకుంది.

రాజనర్సు షెడ్డు శక్కర్‌నగర్ దారిలో ఉంటుంది. నాట్ల కాలం కాబట్టి లోపల మూడు ట్రాక్టర్లు పొట్టలు విప్పుకుని నిలబడి ఉన్నాయి. మూడోది ఏసుదానానిది. రాజనర్సు సన్నటి మనిషి, యాభై దాటాయి, మాట్లాడుతున్నా చేతులు ఆగవు. ఆశాను చూసి, ఒక్కదానివే వచ్చినవేంది చెల్లె అని పలకరించి, కూర్చొమ్మని ఒక పాత టైరు చూపించాడు.

ఆశా కూర్చోలేదు. నిజం చెప్పాలంటే ఆమెకు ఈ రాజనర్సు మీద కూడా అనుమానంగానే ఉంది. డీజిల్ ఉందన్నది ఈయనే. వాసన చూసింది ఈయనే. ఈయన ముక్కును నమ్మి తన మొగుడు దొంగయ్యాడు. ఇంతకీ డీజిల్ ఉందని నాకు చూపించగలవా అని మొహం మీదే అడిగింది.

రాజనర్సుకు కోపం రాలేదు. పాత పేపరు ముక్క ఒకటి చింపి బండ మీద పరిచాడు. ఒక పక్క కొత్త ఇంజన్ ఆయిల్ ఒక చుక్క వేశాడు. ఇంకో పక్క ఏసుదానం ట్రాక్టర్లోంచి దించిన నల్లటి ఆయిల్ ఒక చుక్క వేశాడు. బీడీ ముట్టించుకుని సగం కాల్చేదాకా ఇద్దరూ ఆ పేపరు వంకే చూస్తూ నిలబడ్డారు. కొత్త ఆయిల్ చుక్క పడ్డచోటే జిగటగా కూర్చుంది. నల్ల చుక్క చుట్టూ మాత్రం పలచటి తడి వలయం ఒకటి పాకుతూ, పాకుతూ, అరచేయంత అయింది.

"ఆ పాకెటిది డీజిల్ చెల్లె. ఆయిల్ జిగట పోయింది. జిగట లేకపోతే లోపట ఇనుము మీద ఇనుము రాకుతది. భోజన్న మడిల మీరిన్న సప్పుడు గదే."

ఆశా ఆ వలయాన్ని ఇంకోసారి చూసింది. డీజిల్ మాట నిజమే అయితే ఇక మిగిలింది బకెట్టు. ఎక్కడ దొరికిందో, ఎవరు తెచ్చారో ఒక్క ముక్క చెప్పకుండా మూట విప్పి ఆయన ముందు పెట్టింది. ఇది ఏందో చెప్పన్నా, నాకు చదువుడు రాదనుకో అంది. ఆయన మొహంలో ఏం కదులుతుందో చూడాలని కళ్ళార్పకుండా నిలబడింది.

రాజనర్సు బకెట్టును ఒకసారి తిప్పాడు. అంతే, మొహమంతా విచ్చుకుంది.

"గిది ఇంకా ఉన్నదా? వచ్చే వానకాలం గేర్ బాక్సుల పోస్త అన్నడు రాజ్ కిరణ్."

ఇంజన్ ఆయిల్‌ని గేర్ బాక్సులో ఎందుకు పోస్తారని అడిగింది ఆశా. అప్పుడు రాజనర్సు కూర్చుని తీరిగ్గా చెప్పాడు. ఇది ఇంజన్ ఆయిల్ కాదు. గేర్ బాక్సులో, హైడ్రాలిక్‌లో పోసేది. ఒకటే కంపెనీ, ఒకటే రంగు బకెట్టు, పైన పెద్దక్షరాలు రెంటికీ ఒకటే తీరు. ఏది దేనికో కింద చిన్నక్షరాల్లో ఉంటుంది. మీ బండి ఇంజన్‌కు పదిహేను డబ్ల్యూ నలభై అని రాసి ఉన్నది కావాలి. ఇది ఇంజన్లో పోసి ఉంటే మసిని ఆపలేదు, ఆ వేడికి నిలవలేదు, నాట్లు సగం కాకముందే ఇంజన్ కూర్చునేది. రెండు నెలల కింద రాజ్ కిరణ్ ఈ బకెట్టు పట్టుకుని వచ్చాడు. మా బావ పొరపాటున తెచ్చిండు, ఆయనకు చెప్తే చిన్నబుచ్చుకుంటడు, నువ్వు సుత చెప్పకు అన్నాడు. పక్క దుకాణంలో సరైన ఆయిల్ తనే తీసుకుని ఇక్కడే మార్పించాడు. ఫిల్టర్ కూడా కొత్తది వేయించాడు.

వినడానికి ఎంత బాగుందో. ఆశాకు ఏడుపు వచ్చినంత పనయింది. కానీ వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. ఇంత బాగుందంటే ఇద్దరూ కూడబలుక్కున్నారేమో. పొద్దున్నే చాయ్ తాగకుండా వెళ్ళినాయన ఇక్కడికే వచ్చి ఈ కథ నూరిపోసి వెళ్ళాడేమో. రాజనర్సు ట్రాక్టర్లోంచి ఊడదీసిన ఫిల్టరు తెచ్చి, దాని మీద మార్కరుతో రాసిన తారీఖూ, మీటరు గంటలూ చూపించాడు. మార్కరు నీ దగ్గరే ఉన్నది కద అన్నా, నిన్న సుత రాయొచ్చు అంది ఆశా.

రాజనర్సు ఆమె వంక చూశాడు. ఈసారి కాస్త నొచ్చుకున్నాడు.

"సరే తియ్యి. నా షెడ్డుకెంచి పోయిన బకెట్టు మీ ఇంట్లనే ఉంటది. దాని అడుగు సూడు, బొక్క ఉంటది."

రాజనర్సు షెడ్డులో ఒక రివాజు ఉంది. ఆయిల్ పోయడం కాగానే ఖాళీ బకెట్టు బోర్లించి, అడుగున స్క్రూడ్రైవరు పెట్టి సుత్తితో ఒక్కటి వేస్తాడు. మంచి బకెట్లు కొనుక్కుపోయి, కాలిన నల్ల నూనెను మరగబెట్టి, రంగు కలిపి, వాటిలోనే నింపి మళ్ళీ కొత్తదని అమ్మేవాళ్ళున్నారని ఆయన మంట. ఆ బొక్క కోసం ఊళ్ళల్లో ఆడవాళ్ళంతా ఆయన్ని తిడతారు. స్నానానికీ, బర్రె కుడితికీ పనికొచ్చే నిక్షేపంలాంటి బకెట్టు పాడుచేశాడని.

ఆశా కూడా తిట్టింది. రెండు నెలల కిందే తిట్టింది. బోధన్ నుంచి ఆలస్యంగా వచ్చినరోజు రాజ్ కిరణ్ ఒక బకెట్టు తెచ్చాడు. అడుగున బొక్కకు ఎం-సీల్ ముద్ద పెట్టి అతికించి ఉంది. కొత్త బకెట్టుకు బొక్కేంది, ఎవరన్నా పారేసింది ఏరుకొచ్చినవా అంటే నవ్వేశాడు. రోజూ ఆ బకెట్లోనే కదా తను నీళ్ళు పోసుకుంటోంది. ఇవాళ పొద్దున కూడా ఆ బకెట్టు నీళ్ళే నెత్తిన పోసుకుని, ఆ తెచ్చినాయన్ని దొంగ అనుకుంటూ ఆటో ఎక్కింది.

ఇప్పుడు కూర్చుంది టైరు మీద. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. సిగ్గుతో ఏడ్చింది, సంతోషంతోనూ ఏడ్చింది. అన్నను చిన్నబుచ్చడం ఇష్టంలేక దొంగ అనిపించుకుని కూడా నోరు మెదపలేదు ఈ మనిషి. ఇంటికెళ్ళి కాళ్ళు పట్టుకోవాలనిపించింది. రాజనర్సు చూడనట్టు అటు తిరిగి ఫిల్టరు తుడుస్తూ కూర్చున్నాడు.

కళ్ళు తుడుచుకున్నాక మళ్ళీ పేపరు మీది నల్ల చుక్క కనిపించింది. తడి వలయం ఇంకా పెద్దదైంది. ఆయిల్ మంచిదే పోశాడు, సరే. మరి డీజిల్ ఎట్లా వచ్చింది? మంచి ఆయిల్ పోసిన చేతులే తర్వాత దించుకుని ఉండవచ్చు కదా. ఆ మాట అనుకోగానే తన మీద తనకే అసహ్యం వేసింది, అయినా అనుకోకుండా ఉండలేకపోయింది. చివరికి పైకే అడిగేసింది.

 నేను కూడా అట్లనే అనుకున్న చెల్లె, అబద్ధమెందుకు అన్నాడు రాజనర్సు. ఆయిల్ ఎంత తగ్గిందని మీ అన్నను అడిగితే ఒక్క చుక్క తగ్గలేదన్నాడు. చుక్క తగ్గకుండా డీజిల్ వచ్చిందంటే తీసినంత పోసిండ్రనే కద. ఇంతకూ మీ ఇంట్లో గేజ్ చూసేది ఎవరు?

"నేనే" అంది ఆశా.

వాకిలి ఊడ్చే ముందు, అక్కడ నిలబెట్టిన ట్రాక్టరు గేజ్ చూడటం ఆ ఇంట్లో ఆశా పని. రాత్రంతా నిలబడి చల్లబడ్డ ఇంజను, చదునైన నేల. ఆ పొడుగాటి కమ్మీ తీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ లోపలికి దించి, మళ్ళీ తీసి చూడాలి. కమ్మీ మీద రెండు గీతలుంటాయి, ఆయిల్ ఆ రెంటి మధ్య ఉండాలి. మగవాళ్ళు తొందరలో వేడి ఇంజన్ మీదే చూస్తారని, గట్టు మీద వంకరగా నిలబెట్టి చూస్తారని ఏసుదానానికి వాళ్ళ మీద నమ్మకం లేదు. కింది గీత దాటి దిగితే నాకు చెప్పు అని చెల్లెలికి అప్పజెప్పాడు. రోజూ చూసి, మంచిగ నిండుగున్నది అన్నా అని చెప్పేది. మా బండి చుక్క ఆయిల్ తాగదని ఏసుదానం ఊరంతా చెప్పుకునేవాడు. ఆ గొప్పలో తనకూ వాటా ఉందని ఆశా మురిసిపోయేది.

"నిండుగ అంటే ఏ గీత దాంక?"

"పై గీత దాంక. ఈమధ్యల పై గీత సుత దాటింది."

రాజనర్సు చేతిలో ఫిల్టరు బండ మీద పెట్టాడు. మాట్లాడుతూ ఆయన చేతులు ఆగడం ఆశా ఎన్నడూ చూడలేదు. ఎంత దాటింది అని మెల్లగా అడిగాడు. ఆశా చిటికెన వేలు మందం చూపించింది, అది క్రిస్మస్ ముందు. తర్వాత బొటన వేలు చూపించింది, అది మొన్న, దమ్ముకు పోయిన రోజు. ఎక్కువుంటే మంచిదే కదా అనుకున్నానంది. అన్న దిగితేనే చెప్పమన్నాడు, ఎక్కితే చెప్పమనలేదు. పాలు పొంగితే నష్టం గానీ ఆయిల్ పెరిగితే ఏముందిలే అనుకుంది.

"ఆయిల్ ఊరెటిదా చెల్లె? దొంగ అయితే తీసినంతే పోస్తడు. గీత దాటేంత ఎక్కువ ఎందుకు పోస్తడు?"

ఆయన లేచి ఇంజను పక్కకు పోయాడు. ట్యాంకులోంచి డీజిల్ లాగి పైకి అందించే చిన్న పంపు ఒకటి ఇంజను పక్కనే బిగించి ఉంటుంది. రెండు బోల్టులు విప్పి దాన్ని ఊడదీశాడు. లోపల గుండ్రటి రబ్బరు పొర. డీజిల్ అటు, ఆయిల్ ఇటు, మధ్యలో ఆ ఒక్క పొరే అడ్డం. వెలుతురుకు పట్టుకుని బొటనవేలితో నొక్కితే గోరంత చీలిక నోరు తెరిచింది, అందులోంచి డీజిల్ ఆయన మణికట్టు మీదికి కారింది.

"ఇగో, దొంగ దొరికిండు" అన్నాడు రాజనర్సు. ఇంజన్ తిరిగినంతసేపూ చుక్క చుక్కా లోపలికి దిగింది. బండి బంద్ అయినా దిగింది. రోజూ పొద్దున పై గీత దాటి ఆ కమ్మీ చెప్తూనే ఉంది.

ఆశా ఆ పంపును చేతుల్లోకి తీసుకుంది. ఆమెకిప్పుడు ఎవరి మీదా అనుమానం లేదు. దొంగతనం ఎవరూ చేయలేదు. కళ్ళముందు గీత దాటుతుంటే చూసి, మురిసి, ఊడ్చుకుంటూ వెళ్ళిపోయింది తనే. ఆ ఒక్క మాట అన్నతో అని ఉంటే ఇంజను నిలిచేది, మొగుడి పరువు నిలిచేది. ఇదే మాట ఇప్పుడు అందరి ముందూ చెప్పాలి. రేపు బల్ల దగ్గరికి ఆయన నడవాలంటే ఇవాళే చెప్పాలి.

ఆమె లేచేలోపే షెడ్డు ముందు మోటారు సైకిలు ఆగింది. దిగింది ఏసుదానమే. తెల్లంగీ, నూనె పెట్టి దువ్విన తల, సంఘం పని మీద తిరిగి వచ్చిన మొహం. చెల్లెల్ని చూశాడు, ఆమె కాళ్ళ దగ్గర బకెట్టును చూశాడు. చూడగానే గుర్తుపట్టాడు.

"దొరికిందా? యాడ దాసిండు?"

ఆశా బకెట్టు ఎత్తి అన్న చేతుల్లో పెట్టింది. చదువన్నా అంది. నేను కొన్నదాన్ని నేను చదువుడేంది అన్నాడు ఏసుదానం. ఆమె మళ్ళీ చదువమంది. ఆయన దాన్ని చెయ్యి చాపినంత దూరం పట్టాడు, ముక్కు దగ్గరికి తెచ్చాడు, వెలుతురు కోసం గుమ్మంలోకి నడిచాడు. ఇంజన్ ఆయిల్ అని ఉన్నది అన్నాడు చివరికి. బైబిలు చేతిలో పట్టుకుని పేజీలకు పేజీలు చదువుతున్నట్టు కంఠపాఠం చెప్పే మనిషి అద్దాలు లేకుండా ఏం చదవలేడని ఇంట్లో అందరికీ తెలుసు. ఆయనకు మాత్రం అందరికీ తెలుసని తెలియదు. ఆశా ఆ చిన్నక్షరాలను ఒక్కొక్కటీ పైకి చదివి వినిపించింది. రాజనర్సు తుడిచిన పానానే మళ్ళీ తుడుస్తున్నాడు.

"నువ్వు గేర్ ఆయిల్ తెచ్చినవన్నా. నీకు సిగ్గయితదని ఆయన ఎవ్వలికి చెప్పలే. మంచి ఆయిల్ తనే తెచ్చి పోయించిండు."

తర్వాత పంపు చూపించింది. రబ్బరు నొక్కి చీలిక చూపించింది. గేజ్ సంగతి కూడా దాచలేదు, పై గీత దాటుతుంటే చూసి చెప్పనిది నేనేనని అన్న మొహంలోకి చూస్తూ చెప్పింది. ఏసుదానం అరుస్తాడనుకుంది, అరిస్తే అరవడానికి తనూ సిద్ధంగా ఉంది. ఆయన అరవలేదు. రబ్బరు పొరను తన వేలితో తనే నొక్కి చూసుకున్నాడు. వేలి మీద తడిని వాసన చూశాడు. టైరు మీద కూర్చున్నాడు.

"మరి ఆయన ఎందుకు ఒప్పుకున్నడు?"

ఏం ఒప్పుకున్నాడు, ఎవరి దగ్గర అని ఆశా అడిగింది.  ఏసుదానం తల ఎత్తకుండానే చెప్పుకొచ్చాడు. పదకొండు గంటలప్పుడు పాస్టరయ్యగారి ఇంట్లో కూర్చుని ఉంటే రాజ్ కిరణ్ తనంతట తనే వచ్చాడు. చెప్పులు బయట విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. డీజిల్ నేనే పోసిన అన్నాడు. రేపు బల్ల దగ్గరికి రాను, సంఘంలో పేరు మాత్రం చదవకండి అన్నాడు. ఎందుకు చేసినవంటే చెప్పలేదు. ఒక్కటే మాట అడిగాడు.

"'గేజ్ సూసెటామెను ఎవ్వలు ఏమడుగొద్దు బావా. ఆమె తెల్వక...' అన్నడు. గక్కడికే ఆపేసిండు. ఏం తెల్వక చేసింది అని నేను అడిగిన. నోరిప్పలే."

ఆశాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. ఆ తర్వాత అంతా ఒక్కసారే అర్థమైంది. ఇంట్లో డీజిల్ పాత ఆయిల్ క్యాన్లలోనే పోసి పెడతారు. రాజ్ కిరణ్ కూడా గేజ్ చూసే ఉంటాడు, గీత దాటడం చూసే ఉంటాడు. రాజనర్సు డీజిల్ మాట అన్నాక, ఆయిల్ దిగితే అన్న అరుస్తాడన్న భయంతో ఆశానే ఆ క్యాన్ తీసి, డీజిల్ అని తెలియక, రోజూ కాస్త పోస్తోందనుకున్నాడు. అడిగితే ఆమె బెదురుతుందని అడగలేదు. రేపు సంఘంలో విచారణ మొదలైతే ఆమె పేరు బయటికొస్తుందని, ఈ పొద్దున గుమ్మంలో ఆగి ఒకసారి చూసి, పోయి నెత్తిన వేసుకున్నాడు. నేను ఆయన్ని దొంగ అనుకుంటున్నప్పుడు ఆయన నన్ను కాపాడుతున్నాడు అనుకుంది ఆశా. ఆ మాట లోపల నిలవలేదు, పైకే వచ్చేసింది.

"నేను ఆయనను దొంగ అనుకున్నన్నా. నీ లెక్కనే అనుకున్న."

 ఆమె ఫోను తీసి రాజ్ కిరణ్ నంబరు నొక్కింది.  ఏసుదానం తెల్లంగీ జేబులో ఫోను మోగింది.

ఆయన దాన్ని బయటికి తీశాడు. దాంతోపాటు ట్రాక్టరు తాళంచెవి కూడా వచ్చింది. రెండూ నీకియ్యమన్నడు చెల్లె అన్నాడు. అద్దం పగిలిన ఆ ఫోను మీద ఆశా పేరు వెలుగుతూనే ఉంది. అది తీసుకోవడానికి ఆమె చెయ్యి చాచలేదు.

"యాడికి పోతున్న అన్నడు?"

ఏసుదానం మోగుతున్న ఫోను వంకే చూస్తున్నాడు.

"దొంగ యాడికి పోతే నాకేంది అనుకున్న చెల్లె" అన్నాడు. "అడుగలే."